థామస్ ఎ. డార్సీ: బ్లూస్ పియానో నుండి సంఘ గాయక బృందం వరకు



డార్సీ అనే పేరు వినగానే పాశ్చాత్య సంగీతం తెలిసినవారిలో చాలామందికి ట్రాంబోన్ వాయించే టామీ డార్సీ గుర్తుకు వస్తాడు. ఆయన తెల్లజాతివాడు, పెద్ద బ్యాండుకు నాయకుడు, 1956లో మరణించాడు. నేను వ్రాస్తున్నది ఆయనను గురించి కాదు. మన డార్సీ గారు నల్లజాతి బాప్టిస్టు ప్రసంగీకుని కుమారుడు. 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' అనే గీతాన్ని రచించినవారు ఈయనే. ఒకే ఇంటిపేరు వలన ఆ గీతం టామీ డార్సీది అని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు.

మన పిల్లలు వినే ఇంగ్లీషు పాటల్లో బ్లూస్, జాజ్, గాస్పెల్, సోల్, రాక్ అండ్ రోల్ అని ఎన్నో రకాలు. ఇవన్నీ దగ్గరి చుట్టాలే. ఆ చుట్టరికం ఎక్కడ కలిసిందో, ఎక్కడ గొడవపడిందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క మనిషి జీవితం చదివితే చాలా వరకు తెలుస్తుంది.

థామస్ ఆండ్రూ డార్సీ 1899 జూలై 1న అమెరికా దక్షిణ భాగములోని జార్జియా రాష్ట్రంలో విల్లా రికా అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి థామస్ మాడిసన్ డార్సీ ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బాప్టిస్టు సేవకుడు. ఆ రాబడి చాలక కౌలు సేద్యం కూడా చేసేవారు. తల్లి ఎట్టా గారికి కొద్దిపాటి భూమి ఉండేది, ఆమె ఆర్గన్ వాయించేవారు. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పై నాలుగేండ్లు మాత్రమే. తాతల తరం ఆ కాడిని మోసినవారే.

ఆ పిల్లవాని చెవిలో చిన్ననాడే పడిన సంగీతం ఒక రకం కాదు. మొదటిది పాత ఇంగ్లీషు కీర్తన. ఐజాక్ వాట్స్ గారి కీర్తనలను సంఘపెద్ద ఒక్కొక్క పాదం చదివి ఇస్తే, పుస్తకం లేనివారు, చదువు రానివారు దానిని చాలా నెమ్మదిగా, మూలుగుతున్నట్టు సాగదీసి పాడేవారు. రెండవది స్పిరిచ్యువల్. బానిసలు పొలాల్లో, రహస్య ప్రార్థనా స్థలాల్లో కట్టుకున్న పాట ఇది. ఒకరు ఎత్తుకుంటే తక్కినవారందరూ అందుకుంటారు. బుర్రకథలో వంత పాడేవారిని చూచినవారికి ఈ పద్ధతి వేరుగా చెప్పనక్కర లేదు. మూడవది బ్లూస్. తల్లిగారి తమ్ముడు ఒకాయన గిటారు పట్టుకుని ఊళ్ళు తిరిగి బ్లూస్ పాడేవాడు. దొంగసారా కూడా అమ్మేవాడు. కాబట్టి ఒకే ఇంట్లో ప్రసంగీకుడు, ఆర్గన్, సారా మేనమామ ముగ్గురూ ఉన్నారు.

బ్లూస్ అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి, లేకపోతే తరువాతి కథ అర్థం కాదు. అది పన్నెండు కొలతల చిన్న చట్రం. గాయకుడు ఒక పాదం పాడి, అదే పాదం మళ్ళీ పాడి, మూడవ పాదంలో దానికి జవాబు చెబుతాడు. ప్రతి పాదం చివర వాద్యం బదులు పలుకుతుంది. అన్నిటికంటె ముఖ్యం స్వరం. గాంధారాన్ని, నిషాదాన్ని ఉన్నచోట ఉంచరు. కొంచెం దించుతారు, జారుస్తారు, వణికిస్తారు. గమకాలు ఎరిగిన మన చెవికి అది వింతగా ఉండదు. పియానో మెట్లకు మాత్రం అది అందదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. విడిచిపోయిన మనిషి, దొరకని పని, తప్పిన రైలు, ఇవి దానిలోని విషయాలు. చెప్పేది నేను అనే ఒక్క మనిషి. స్పిరిచ్యువల్‌లో 'మేము' మాట్లాడితే బ్లూస్‌లో 'నేను' మాట్లాడతాడు. ఈ తేడా గుర్తుంచుకోండి.

1908లో కుటుంబం అట్లాంటా పట్టణానికి చేరింది. అక్కడ వారి గౌరవం, భూమి ఏమీ లేవు. కుర్రవానిని బడిలో క్రింది తరగతికి దించారు. చిరిగిన బట్టలు చూచి తోటి పిల్లలు నవ్వారు. నాలుగవ తరగతి తరువాత బడి మానేశాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిగా ఈ మాట చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఆ తరువాత ఆయన బడి '81 థియేటర్' అనే నాటకశాల. అక్కడ చల్లని పానీయాలు అమ్ముతూ, మూకీ చిత్రాలకు, వేషగాళ్ళకు పియానో వాయించేవారి వ్రేళ్ళను చూచి నేర్చుకున్నాడు. పదహారేండ్లు వచ్చేసరికి విందులకు, సారాయి ఇండ్లకు వాయించి డబ్బు తెచ్చేవాడు. తండ్రి ఆదివారం ప్రసంగించే ఊరిలోనే కుమారుడు శనివారం రాత్రి అటువంటి చోట్ల వాయించాడు. మనం దాచి చెప్పవలసిన పని లేదు. ఆయన కూడా ఎన్నడూ దాచలేదు.

ఆ రోజుల్లో దక్షిణాది నల్లజాతివారు లక్షలాదిగా ఉత్తరాది నగరాలకు వలసపోతున్నారు. ప్రత్తి పంటను పురుగు తినేసింది, జాతివివక్ష చట్టాలు ఊపిరి ఆడనివ్వలేదు, మొదటి ప్రపంచ యుద్ధం వలన కర్మాగారాల్లో పని దొరికింది. డార్సీ 1916లో చికాగో వెళ్ళి, 1919 నాటికి అక్కడ స్థిరపడ్డారు. అద్దె కట్టలేని కుటుంబాలు ఇంట్లో విందు పెట్టి, వచ్చినవారి దగ్గర చిల్లర వసూలు చేసి అద్దె కట్టుకునేవి. వాటికి పియానో కావాలి. పోలీసులకు, ఇరుగుపొరుగుకు వినబడకూడదు. డార్సీ చాలా మెల్లగా, గుసగుసలాడినట్టు వాయించడంలో నేర్పరి అని పేరు తెచ్చుకున్నారు.

1920లో ఆయన మనస్సు, శరీరం రెండూ కుప్పకూలాయి. తల్లి వచ్చి అట్లాంటాకు తీసుకుపోయి సేద తీర్చింది. మరుసటి సంవత్సరం చికాగోకు తిరిగి వచ్చాక, నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ సభలో డబ్ల్యు. ఎం. నిక్స్ అనే గాయకుని పాట విన్నారు. కాగితం మీద ఉన్న స్వరాన్ని నిక్స్ గారు ఉన్నది ఉన్నట్టు పాడలేదు. ఒకచోట నిలిపి, ఒకచోట సాగదీసి, పలుకులను తన గుండెలోనుండి వచ్చినట్టు అలంకరించి పాడారు. భక్తిగీతాన్ని కూడా ఇలా పాడవచ్చునా అని డార్సీకి కన్ను తెరుచుకుంది. న్యూ హోప్ బాప్టిస్టు సంఘములో కొంతకాలం సంగీతం నడిపారు. కాని అక్కడ వచ్చే కొద్ది డబ్బుతో కడుపు నిండదు. మళ్ళీ నాటకశాల పిలిచింది, వెళ్ళిపోయారు.

1920లో మామీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడై, నల్లజాతివారు కూడా గ్రామఫోను రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసివచ్చింది. దానితో బ్లూస్ పెద్ద వ్యాపారమైంది. 1923లో కింగ్ ఆలివర్ గారి జాజ్ బృందం డార్సీ కట్టిన పాటను రికార్డు చేసింది. 1924లో 'బ్లూస్ తల్లి' అని పేరుపొందిన మా రైనీ గారికి బ్యాండును సమకూర్చి నడిపించే పని ఆయనకు దొరికింది. చికాగో గ్రాండ్ థియేటర్‌లో తెర లేచేసరికి వేదికమీద మనిషి ఎత్తుకు మించిన గ్రామఫోను పెట్టె ఉండేది. లోపలినుండి పాట వినబడేది. తలుపు తెరుచుకుని బంగారు హారాలతో మా రైనీ బయటికి వచ్చేవారు. జనం పడి చచ్చేవారు. డార్సీని అప్పుడు 'జార్జియా టామ్' అని పిలిచేవారు. 1925లో నెట్టీ హార్పర్ అనే యువతిని వివాహమాడారు. ఆమె కూడా ఆ బృందంతోనే తిరుగుతూ దుస్తుల బాధ్యత చూచేది.

(మా రైనీ గారు తరువాత రంగస్థలం విడిచి స్వస్థలంలో బాప్టిస్టు సంఘములో చేరి, 1939లో కన్నుమూశారు. ఇది చాలామందికి తెలియదు.)

1926లో రెండవసారి జబ్బుపడ్డారు. ఈసారి దాదాపు రెండేండ్లు. వ్రేళ్ళు ఆడవు, పని లేదు, భార్య కూలి చేసి పోషించింది. చనిపోదామనే తలంపు కూడా వచ్చింది. వదినగారు ఆయనను ఒక ఆరాధనకు తీసుకుపోతే, అక్కడి దైవసేవకుడు ఆయనకొరకు ప్రార్థించి, ప్రభువుకు నీతో పని ఉన్నది, నీవు చనిపోకూడదు అని ధైర్యం చెప్పి పంపారట. ఆ దినాల్లోనే పొరుగున ఉన్న ఒక యువకుడు హఠాత్తుగా మరణించాడు. ఇంత దృఢంగా ఉన్నవాడు పోయి నేను మిగిలానే అన్న తలంపునుండి 'ఇఫ్ యు సీ మై సేవియర్' అనే గీతం పుట్టింది. మరణశయ్యమీద ఉన్న స్నేహితునితో, నీవు ముందుగా రక్షకుని చూస్తావు, నా సంగతి ఆయనకు చెప్పు అని కోరుకునే పాట అది.

ఇక్కడితో మారుమనస్సు పొంది లోకాన్ని విడిచిపెట్టారు అని వ్రాస్తే కథ చక్కగా ఉండును. కాని జరిగింది అది కాదు. ఆ గీతాన్ని అచ్చువేసి, అప్పు చేసి తపాలా ఖర్చులు పెట్టి, వందల సంఘాలకు పంపారు. చాలాకాలం ఒక్క ఆర్డరు రాలేదు. అదే 1928లో టాంపా రెడ్ అనే గిటారు వాద్యకారుడు ఇంటికి వచ్చి, ఒక పాటకు స్వరం కట్టమన్నాడు. అది రెండర్థాల బూతు పాట. డార్సీ మొదట వద్దన్నారు. డబ్బు మాట రాగానే ఒప్పుకున్నారు. ఆ రికార్డు దేశమంతా అమ్ముడైంది. తరువాత నాలుగేండ్లు ఒక చేత్తో అటువంటి పాటలు, మరొక చేత్తో సువార్త గీతాలు వ్రాశారు. నెట్టీ ఇంట్లో పస్తులు తీర్చింది ఏ పాటల డబ్బో ఆయనకు తెలుసు. అందుచేత బ్లూస్‌ను పాపిష్ఠి సంగీతమని ఆయన చివరివరకు నిందించలేదు. దుఃఖంలో ఉన్న మనిషి లోలోపలి మొర ఎక్కడినుండి వచ్చినా ఒకటే అని ఆయన అభిప్రాయం. ఆ పాటల్లోని మాటలను నేను సమర్థించను. ఈ అభిప్రాయాన్ని మాత్రం తోసివేయలేకున్నాను.

1930 నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ చికాగోలోనే జరిగింది. అక్కడ విల్లీ మే ఫోర్డ్ స్మిత్ గారు 'ఇఫ్ యు సీ మై సేవియర్' పాడారు. ప్రతినిధులు మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. డార్సీని పిలిపించి పాట కాగితాలు అమ్ముకోనిచ్చారు, వేలకొద్దీ ప్రతులు పోయాయి. అయినా చికాగో పెద్ద సంఘాల తలుపులు తెరుచుకోలేదు. ఆ సంఘాలు విద్యావంతులవి. ఆరాధనలో హాండెల్, మొజార్ట్ వంటివారి కృతులు, నిశ్శబ్దం, మర్యాద. దక్షిణాదినుండి వచ్చిన కూలివాడు వెనుక బల్లమీద కూర్చుని చప్పట్లు కొడితే తిరిగి చూచేవారు. బానిసత్వపు వాసన పోగొట్టుకోవాలని ఆ పెద్దల తపన. అది చెడ్డ తపన అనలేము. కాని వెనుక బల్లమీద కూర్చున్నవాడు ఏ పాట పాడాలి? ఊరు విడిచి వచ్చినవారికి తమ పాట ఎంత అవసరమో కటకం, సోలాపూరు, బెంగుళూరుల్లో సంఘాలు కట్టుకున్న మన పెద్దలకు తెలియనిది కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పల్లవిపైన రాగము, తాళము అచ్చయి ఉంటాయి గదా. మన పూర్వికులు తమ రాగాలను తమతోనే ఆరాధనకు తెచ్చుకున్నారు.

డార్సీకి తలుపు తీసినది ఎబినేజరు బాప్టిస్టు సంఘము. 1931లో అక్కడ కాపరి జె. హెచ్. ఎల్. స్మిత్ గారు. అలబామానుండి వచ్చిన మనిషి, తన ఊరివారు పాడినట్టు పాడే బృందం కావాలన్నారు. డార్సీ, థియొడోర్ ఫ్రై కలిసి వందమందికి పైగా గల గాస్పెల్ బృందాన్ని తయారుచేశారు. అది విని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘ కాపరి జె. సి. ఆస్టిన్ గారు 1932లో తమ సంఘానికి పిలిచారు. అక్కడ పెద్ద గాయక బృంద నాయకుడు ఎడ్వర్డ్ బోట్నర్ గొప్ప విద్వాంసుడు. జాజ్ తాళాన్ని దేవుని మందిరంలోకి తేవడం ఆరాధనను దిగజార్చడమే అని ఆయన గట్టిగా ఎదిరించారు. ఆస్టిన్ గారు వెనుకకు తగ్గలేదు. డార్సీ నలభై ఏండ్లకు పైగా ఆ సంఘములోనే సంగీత పరిచర్య చేశారు.

ఆయన చేసిన మార్పు ఏమిటో చూడండి. కీర్తనలోని విషయం అలాగే ఉంచారు. బ్లూస్‌నుండి జారుడు స్వరాలను, పియానో ఎడమచేతి నడకను తెచ్చారు. స్పిరిచ్యువల్‌నుండి ఎత్తుకోవడం, అందుకోవడం తెచ్చారు. బ్లూస్‌లోని 'నేను'ను తెచ్చి ప్రార్థనలో నిలబెట్టారు. కాగితం మీద స్వరం సాదాగా, ఎవరైనా వాయించేటట్టు వ్రాసి, అలంకారం గాయకునికి విడిచిపెట్టారు. ఆయనకు ముందు ఫిలడెల్ఫియాలో చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే మెథడిస్టు బోధకుడు ఇటువంటి బాట వేశారు. ఆ ఋణాన్ని డార్సీ ఒప్పుకునేవారు.

ఇక 1932 ఆగస్టు. నెట్టీ నిండు గర్భిణి. డార్సీ ఉజ్జీవ కూటాలలో పాడడానికి సెయింట్ లూయిస్ పట్టణానికి కారులో బయలుదేరారు. కొంతదూరం పోయాక పాటల సంచి మరచిపోయిన సంగతి గుర్తుకువచ్చి వెనుకకు వచ్చారు. నెట్టీ నిద్రపోతున్నది. లేపకుండా సంచి తీసుకుని వెళ్ళిపోయారు. అక్కడ కూటంలో ఆయన పాడి ముగించగానే ఒక కుర్రవాడు టెలిగ్రాం తెచ్చి చేతికిచ్చాడు. ప్రసవంలో భార్య మరణించిందని అందులో ఉంది. వెలుపల జనం ఇంకా పాడుతూనే ఉన్నారు. రాత్రికి రాత్రి చికాగో చేరేసరికి మగబిడ్డ బ్రతికి ఉన్నాడు. ఎత్తుకున్నారు. కొద్ది గంటల్లోనే బిడ్డ కూడా పోయాడు. తల్లినీ బిడ్డనూ ఒకే పెట్టెలో పెట్టి సమాధి చేశారు.

దేవుడు నాకు అన్యాయం చేశాడు అని ఆయన అనుకున్నారు. సువార్త గీతాలు వద్దు, ఆదరించిన జాజ్‌కే తిరిగి పోతాను అనుకున్నారు. కొన్ని దినాలైన తరువాత ఫ్రై గారు ఆయనను పోరో కాలేజీ అనే సంస్థకు తీసుకువెళ్ళారు. అక్కడ గదిలో పియానో ఉంది. ఊరికే మెట్లమీద వ్రేళ్ళు పెట్టగా, 'మెయిట్‌లాండ్' అనే పాత కీర్తన రాగం వచ్చింది. దానిపైన తన మాటలు పడ్డాయి. అలసిపోయిన, బలహీనుడైన మనిషి ప్రభువా చేయి పట్టుకుని నడిపించు అని అడగడమే ఆ పాట అంతా. కారణం అడగదు, జవాబు చెప్పదు. ఎబినేజరులో ఫ్రై పాడగా, సంఘము నిలబడి కన్నీళ్ళతో కేకలు వేసింది. ఇది యోబుగారి పుస్తకంలో స్నేహితులు వచ్చి ఏడు దినాలు మాటలాడకుండా కూర్చున్న భాగం వంటిది అని నా మట్టుకు నాకు తోస్తుంది.

ఆ తరువాత ఆయన బ్లూస్ రికార్డులు మానివేశారు. సొంతంగా పాటల ప్రచురణ స్థాపించారు. కాని లెక్కలు రావు, డబ్బు ఎక్కడ పడితే అక్కడ. సాలీ మార్టిన్ అనే గాయని వచ్చి, ఇంత సొత్తు పెట్టుకుని దానిని ఏమి చేయాలో తెలియదే అని మందలించి, పుస్తకాలు వ్రాసి, వ్యాపారం నిలబెట్టింది. ఆమెది గరుకు గొంతు, స్వరలిపి చదవడం రాదు. అయినా ఊరూరా తిరిగి గాస్పెల్ బృందాలను ఏర్పరచింది ఆమే. వీరు కొందరితో కలిసి ప్రారంభించిన గాస్పెల్ గాయక బృందాల జాతీయ సమాఖ్యకు డార్సీ దశాబ్దాలపాటు అధ్యక్షులుగా ఉన్నారు. ఆ చరిత్రలో స్త్రీల పాలు సగానికి పైనే. 1941లో ఆయన కాథరిన్ మోస్లీ గారిని పునర్వివాహం చేసుకున్నారు, ఇద్దరు పిల్లలు కలిగారు.

న్యూ ఆర్లీన్సునుండి వచ్చిన బాప్టిస్టు యువతి మహాలియా జాక్సన్‌కు పాట నేర్పి, 1930ల చివరనుండి ఆమెతో కలిసి ఊరూరా తిరిగారు. ఆమె కొరకు 1937లో 'పీస్ ఇన్ ద వ్యాలీ' వ్రాశారు. దానిని 1951లో రెడ్ ఫోలీ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు పాడితే పది లక్షలకు పైగా అమ్ముడైంది. 1957 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీ దేశమంతా చూచే టెలివిజన్ కార్యక్రమంలో అదే పాడాడు. 1938లోనే సిస్టర్ రోసెటా థార్ప్ డార్సీ గీతం ఒకదానిని గిటారుతో పాడి రికార్డు చేసింది, రాక్ అండ్ రోల్ గాయకులు ఆమె దగ్గర పాఠం నేర్చారు. 1950లలో రే చార్లెస్ గాస్పెల్ స్వరాలకు ప్రేమ మాటలు తగిలించి పాడగా సోల్ సంగీతం బయలుదేరింది. అప్పుడు సంఘాల వారు మా పాటను లోకానికి ఎత్తుకుపోయారని గోల పెట్టారు. ముప్పై ఏండ్ల క్రితం అదే సంఘాల వారు లోకపు పాటను లోపలికి తెచ్చాడని డార్సీమీద గోల పెట్టారు గదా!

మార్టిన్ లూథర్ కింగ్ గారికి 'ప్రెషస్ లార్డ్' ప్రియమైన గీతం. 1968 ఏప్రిల్ 4 సాయంకాలం మెంఫిస్‌లో బస వసారాలో నిలబడి, ఆ రాత్రి కూటంలో దానిని చక్కగా వాయించమని బెన్ బ్రాంచ్ అనే వాద్యకారుని కోరారు. క్షణాల్లో తుపాకి గుండు తగిలింది. సమాధి కార్యక్రమంలో మహాలియా జాక్సన్ దానినే పాడారు. 1972లో మహాలియా గారు మరణించినప్పుడు, డెట్రాయిట్ బాప్టిస్టు కాపరి కుమార్తె, సోల్ సంగీతంలో మహారాణి అనిపించుకున్న అరెతా ఫ్రాంక్లిన్ వచ్చి పాడింది కూడా ఆ గీతమే.

డార్సీ గారు సుమారు వెయ్యి గాస్పెల్ గీతాలు రచించారు. 1979లో నాష్‌విల్లి గీత రచయితల గౌరవ సభలో చేర్చబడిన మొదటి నల్లజాతి రచయిత ఆయనే. 1982లో వచ్చిన 'సే ఆమెన్, సంబడీ' అనే డాక్యుమెంటరీ చిత్రంలో ముసలితనంలోని డార్సీని, సాలీ మార్టిన్‌ను, విల్లీ మే స్మిత్‌ను చూడవచ్చు. చివరి సంవత్సరాలలో మతిమరుపు వ్యాధి వచ్చింది. 1993 జనవరి 23న, తొంబది మూడేండ్ల వయస్సులో, చికాగోలో ప్రభువునందు నిద్రించారు. పిల్‌గ్రిమ్ బాప్టిస్టు మందిరం 2006 జనవరిలో మరమ్మతులు జరుగుతుండగా నిప్పంటుకుని కాలిపోయింది. రాతిగోడలు మాత్రం నిలిచాయి.